మిజరీనా, మిస్‌ఫార్చ్యూనా? ఏది రాయాలి?

పల్నాటి పిల్ల:
మధ్యాహ్నం నుంచి ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను. "మా ఇంట్లో కష్టాలు వచ్చాయి" అని ఇంగ్లీషులో రాయాలి. నిఘంటువులో మిజరీ, మిస్‌ఫార్చ్యూన్, డిస్ట్రెస్, హార్డ్‌షిప్, కెలామిటీ అన్నిటికీ కష్టం, ఆపద, దురదృష్టం అనే అటూ ఇటూ తిప్పి ఇచ్చారు. మిజరీ పెడితే ఏడుపుగొట్టుగా ఉందని అన్నయ్య అన్నాడు. కెలామిటీ పెడితే తుఫాను గానీ వచ్చిందా అన్నాడు. రేపు పొద్దున్నకల్లా పంపాలి. ఎవరైనా తేల్చి చెప్పండి ప్లీజ్.

కృష్ణాతీరం:
ఎవరికి రాస్తున్నారు? ఏం జరిగింది? అది తెలియకుండా పదం చెప్పలేం.

రిటైర్డ్ మాస్టారు:
అమ్మా, మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే సగం చిక్కు వీడుతుంది. డిజాస్టర్‌లో దాగి ఉన్నది నక్షత్రం. ఇటాలియన్‌లో ఆస్ట్రో అంటే అదే. మనం "గ్రహాలు బాగోలేవు" అనుకున్నట్టే వాళ్లూ అనుకున్నారు. కెటాస్ట్రఫీ గ్రీకు మాట, తలకిందులు కావడం. నాటకం చివర కథ తిరగబడే చోటుకి ఆ పేరు పెట్టారు. మిజరీకి మూలం లాటిన్ మిసెర్, అంటే దీనుడు. పిసినారిని మైజర్ అనడమూ అక్కడి నుంచే. ట్రిబ్యులేషన్ ఇంకా బాగుంటుంది. ట్రిబ్యులం అంటే రోమన్లు కంకుల మీద లాగి ధాన్యం రాల్చే బరువైన బల్ల. మనిషిని అలా నలగ్గొట్టే కష్టం ట్రిబ్యులేషన్.

తాసీల్దారు ఆఫీసు:
మూలాలు కాదండీ, చట్టం చూడాలి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలో డిజాస్టర్‌ని నిర్వచిస్తూ కెటాస్ట్రఫీ, మిస్‌హ్యాప్, కెలామిటీ మూడూ వరసగా పెట్టారు. కాకపోతే ఆ ప్రాంతం జనం సొంతంగా తట్టుకోలేనంత పెద్దది అయి ఉండాలి. ఒక్క ఇంటికి వచ్చిన కష్టం అందులోకి రాదు. బ్రిటిష్ కాలపు ఫామిన్ కోడ్‌లలోనూ, అంటే కరువు సాయం నియమాల్లోనూ, స్కేర్సిటీ (కొరత) వేరు, ఫామిన్ (కరువు) వేరు.

రిటైర్డ్ మాస్టారు:
మిస్‌హ్యాప్‌ని కెలామిటీ సరసన కూర్చోబెట్టడం ఆ చట్టం రాసినవాళ్ల అజాగ్రత్త. పాలగిన్నె ఒలికితే మిస్‌హ్యాప్, ఊరు మునిగితే కెలామిటీ.

తాసీల్దారు ఆఫీసు:
చట్టంలో ఉన్న మాటకి చట్టం చెప్పిందే అర్థం. క్లాసులో చెప్పే అర్థం కోర్టులో చెల్లదు.

కృష్ణాతీరం:
ఆ అమ్మాయి అడిగింది ఇది కాదు.

పల్నాటి పిల్ల:
యూనివర్సిటీకి అండీ, ఇంకెవరికి రాస్తాను! బ్రిటన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను, చివరి విడత ఫీజుకి గడువు అడగాలి. ఊళ్లో ట్రాక్టర్ బోల్తా పడి నాన్న కాలు విరిగింది, ఆపరేషన్ అయింది. ఆయన ఆస్పత్రిలో ఉండగానే కల్లంలో ఆరబోసిన మిర్చి వానకి తడిసి రంగు పోయింది. సగం ధర కూడా పలకలేదు.

లీడ్స్‌లో ఉంటా:
అయితే హార్డ్‌షిప్ రాయండి. ఫైనాన్షియల్ హార్డ్‌షిప్. ఇక్కడి యూనివర్సిటీల్లో హార్డ్‌షిప్ ఫండ్ అనే పేరుతోనే సాయం ఉంటుంది, కాబట్టి ఆ మాట వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. మిస్‌ఫార్చ్యూన్ అంటే నెత్తిన పడిన సంఘటన. మిజరీ దాని వల్ల లోపల పడే బాధ. హార్డ్‌షిప్ అంటే డబ్బుకి, రోజు గడవడానికి వచ్చిన ఇబ్బంది. మీరు గడువు అడుగుతున్నది ఈ మూడోదాని వల్లే కదా. నాన్నకి ఏమైంది, పంట ఎలా పోయింది అనేవి తేదీలతో సాదా మాటల్లో రాసి, ఆస్పత్రి కాగితం జత చెయ్యండి. వాటికి బరువైన పేర్లు అక్కర్లేదు. డిస్ట్రెస్ మాత్రం వద్దు, విద్యార్థి ఆ మాట రాస్తే మనసు బాగోలేదనుకునే వీలుంది. ఫండ్‌కి కూడా పెట్టుకుంటే ముందు రూల్స్ చదవండి, కొన్నిచోట్ల విదేశీ విద్యార్థులకి ఇవ్వరు.

తాసీల్దారు ఆఫీసు:
డిస్ట్రెస్ తప్పేమీ కాదు. మిర్చి అలా తెగనమ్ముకోవడాన్ని డిస్ట్రెస్ సేల్ అనే అంటారు. ఇంగ్లీషు చట్టంలో 2014 దాకా అద్దె బాకీకి సామాను జప్తు చేయడానికీ డిస్ట్రెస్ అనే పేరు ఉండేది.

రిటైర్డ్ మాస్టారు:
ఆ జప్తు అర్థం పాతది. ఆమె రాసేది ఇవాళ.

పల్నాటి పిల్ల:
ఫైనాన్షియల్ హార్డ్‌షిప్ పెట్టి పంపేశా. థాంక్స్ అండీ.

కొత్త సభ్యుడు:
ఇంగ్లండ్‌లో కరోనర్లు, అంటే చావుకి కారణం విచారించే అధికారులు, డెత్ బై మిస్‌అడ్వెంచర్ అని రాస్తారు కదా, అది యాక్సిడెంట్‌తో సమానమేనా? మాస్టారూ, ఉన్నారా?