ఎల్లుండే తొట్లె, ఇప్పుడు పేరు వద్దంటున్నారు

కొత్త నాన్న, మిర్యాలగూడ:
పొద్దటి నుంచి తల పగిలిపోతోంది. ఎల్లుండి మా బాబు తొట్లె. పేరు అయ్యగారిని అడిగే ఖాయం చేశాం. కార్డులు పంచాం, ఫ్లెక్సీకి కూడా ఇచ్చాం. ఇప్పుడు మా అమ్మ ఆ పేరు వద్దంటోంది. ఎందుకో చెప్పదు, ‘పాడు పేరు’ అని ఒకటే ఏడుపు. మూడు గంటలు నెట్‌లో వెతికాను, ఒక్కో చోట ఒక్కో అర్థం. మంచి పేరో కాదో ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

అచ్చంపేట వదిన:
పేరేంటి తమ్ముడూ?

నల్లగొండ రిటైర్డ్ సార్:
ఈ తరం వాళ్లు శబ్దం చూసి పేరు పెడుతున్నారు, అర్థం చూడరు. ఆర్తి అంటారు. హిందీలో అది హారతి, మనకు బాధ. అనయ అంటారు, సంస్కృతంలో అది నీతి తప్పిన నడత. నిర్వాణ్ అని పిలిస్తే నాకు గోడ మీది ‘నిర్యాణం’ పోస్టరే గుర్తొస్తుంది. మొన్న ఒక తొట్లెకు పోతే పాప పేరు జారా. తెలుగులో జార అంటే ఏమిటో అక్కడ చెప్పలేక లడ్డూ తిని వచ్చేశాను.

పంచాయతీ పని:
పేరు రాయకుండా అర్థం అడిగితే ఎట్లా?

కొత్త నాన్న:
సారీ, రాశాననుకున్నా. తక్ష్. స్వాతి నాలుగో పాదం, ‘త’ వచ్చింది.

నల్లగొండ రిటైర్డ్ సార్:
ఇంకేం. పరీక్షిత్తును కాటేసింది తక్షకుడే కదా. శృంగి శాపం, ఏడో రోజు, పండులో పురుగై వచ్చాడు. జనమేజయుడు సర్పయాగం చేసింది అందుకే. మీ అమ్మగారు పురాణం విన్న మనిషి.

పాలమూరు ఉలి:
సార్, తక్షుడు వేరు, తక్షకుడు వేరు. తక్షుడు రాముడి తమ్ముడు భరతుడి కొడుకు. తక్షశిల ఆయన పేరు మీదే అంటారు. పైగా తక్షకుడు అంటే వడ్రంగి అని కూడా ఉంది. మాది అదే పని. మా పేరును పాముకు రాసిచ్చేస్తారా?

నల్లగొండ రిటైర్డ్ సార్:
అర్థం వేరు, రూఢి వేరు. ధాతువు ఒకటే, చెవికి పామే.

పాలమూరు ఉలి:
అట్లయితే తారక్ అని పెట్టుకున్న వాళ్లంతా తారకాసురులేనా?

నల్లగొండ రిటైర్డ్ సార్:
అక్కడ తారకం అంటే దాటించేది. అది వేరు.

పాలమూరు ఉలి:
నేనూ అదే కదా అంటున్నా, వేరు అని!

అచ్చంపేట వదిన:
పేరుతో ఏం కాదు తమ్ముడూ. మా దిక్కు ముందు పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టినవాణ్ని పెంట మీద పడుకోబెట్టి తెచ్చి పెంటయ్య అనేవారు. పాడు పేరుంటే చావు కూడా ఆ దిక్కు చూడదని. మా తాత పెంటయ్యే. ఎనభై దాటి బతికాడు.

పంచాయతీ పని:
బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఎక్కిందా?

కొత్త నాన్న:
లేదు. బేబీ ఆఫ్ అని మా ఆవిడ పేరే ఉంది.

పంచాయతీ పని:
మరి టెన్షన్ ఎందుకు? ఏడాదిలోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో. ఎక్కిన పేరు మార్చాలంటేనే తిప్పలు. తొట్లె నాడు బియ్యంలో ఏదైనా రాయండి, కాగితం మీద ఆగండి.

నల్లగొండ రిటైర్డ్ సార్:
ఇంకో మాట. పొల్లుతో ఆగే పేరు మన నోటికి ఎక్కదు. రేపు ఊళ్లో వాణ్ని ‘తచ్చు’ అంటారు, చూడండి.

కొత్త నాన్న:
అమ్మను మళ్లీ కూర్చోబెట్టి అడిగాను. ఆమెకు పురాణం ఏమీ తెలియదు సార్. అది పాము పేరని పక్కింటివాళ్లు చెప్పారట. మా నాయన పోయింది పత్తి చేనులో పాము కరిచే. నాలుగేళ్లయింది. నాకు తట్టనే లేదు.

పంచాయతీ పని:
ఇది మొదటే రాయాల్సింది.

అచ్చంపేట వదిన:
అయ్యో. పెంటయ్య సంగతి వదిలెయ్ తమ్ముడూ, మార్చెయ్.

పాలమూరు ఉలి:
తక్షుడు పాము కాదు, ఇప్పటికీ అదే అంటా. కానీ రోజూ పిలవాల్సింది ఆమె. ‘త’తోనే తరుణ్ ఉంది, తనయ్ ఉంది.

నల్లగొండ రిటైర్డ్ సార్:
తనయ్ అంటే కొడుకు. కొడుక్కి కొడుకు అని పేరా?

పాలమూరు ఉలి:
సార్, మీకు దండం.

కొత్త నాన్న:
ఫ్లెక్సీ అతను మొత్తం మళ్లీ కొట్టాలంటున్నాడు, అక్కడే ఉన్నా. అందరికీ థాంక్స్.

నల్లగొండ రిటైర్డ్ సార్:
ఇంతకీ ఏ పేరు?