సమస్యాపూరణం: “మీసమున్న రాణి మెప్పు పొందె”

నిర్వాహకుడు: ఈసారి ఇచ్చినది ఆటవెలది నాలుగో పాదం. యతి మీ–మె. నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లను తెచ్చుకుంటే ఈ సమస్య చిటికెలో తెగిపోతుంది కాబట్టి ఆ దారి మూసేస్తున్నాను. క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ (1946–1991) జీవితానికి అన్వయించి పూరించండి. గణాల కోసం ఇంగ్లిషు పేర్లను కొంచెం సాగదీసుకోండి, చరిత్రను మాత్రం వద్దు.

పాతక్యాసెట్:

ఆ.వె.
జంజిబారు పుట్టి, చదువుకై పంచ్‌గని
చేరె బుల్సరాగ; సీమకేగె;
మెర్కురీగ మారి మిన్నంటు గళమెత్తె;
మీసమున్న రాణి మెప్పు పొందె.

గణయతి: నడక బాగుందండీ. “జంజిబారు పుట్టి” దగ్గర విభక్తి ఎగిరిపోయింది. “జంజిబార పుట్టి” అంటే గణం చెడదు, అర్థం నిలుస్తుంది. “బుల్సరాగ” నాకు నచ్చింది. ఫరూఖ్ బుల్సారా అనే పార్సీ పిల్లవాడికి ఫ్రెడ్డీ అన్న పిలుపు పంచ్‌గని బడిలోనే స్థిరపడింది. అక్కడే హెక్టిక్స్ అనే పిల్లల జట్టులో పియానో వాయించాడు. ఇంటిపేరు మెర్క్యురీ అయింది మాత్రం లండన్‌లో, 1970 ప్రాంతంలో.

నిర్వాహకుడు: జీవితచరిత్ర మూడు పాదాల్లో ఇమిడింది, మెచ్చుకోవాలి. అయితే సమస్య విడలేదు. రాణి ఎవరు? జట్టు పేరు పద్యంలో ఎక్కడా లేదు. నాలుగో పాదం ఇచ్చినప్పుడు ఎంత వింతగా ఉందో ఇప్పుడూ అంతే వింతగా ఉంది. “సీమకేగె” కూడా మరీ పొడిగా ఉంది. 1964లో జంజిబారు విప్లవం వల్ల ఆ కుటుంబం ఊరు వదిలి లండన్ శివార్లలోని ఫెల్థమ్ చేరింది. విహారయాత్రకు వెళ్లినట్టు “ఏగె” అంటే ఎలా?

చిలుకపలుకు: రాణిని నేను తెస్తాను.

ఆ.వె.
నలుగురొక్క జట్టు, నామమే క్వీనయ్యె
నారు నిముసములును నాపకుండ
డెబ్బదైదునందు నబ్బురముగఁ బాడె;
మీసమున్న రాణి మెప్పు పొందె.

గణయతి: మూడో పాదంలో ప్రాసయతి (డెబ్బ–నబ్బు) చక్కగా పడింది.

పాతక్యాసెట్: ఛందస్సు సరే, మీసం మాటేమిటి? 1975లో ఆయనకు మీసం లేదు! భుజాల దాకా జుట్టు, నున్నటి మూతి. మీసం పెంచింది 1980లో. “ఆపకుండ” కూడా చెల్లదండీ. “బొహీమియన్ రాప్సడీ” అనే ఆ పాట నడుమ వచ్చే ఆపెరా భాగం మెర్క్యురీ, జట్టులోని బ్రయన్ మే, రోజర్ టేలర్ గొంతులను టేపు మీద పొరలు పొరలుగా పేర్చి చేసినది. నలుగురూ కలిసి వేదిక మీద పాడగలిగేది కాదు. కచేరీల్లో ఆ భాగం రాగానే అందరూ లోపలికి వెళ్లిపోయేవారు, టేపు మోగేది, గిటార్లు అందుకునే చోట మళ్లీ వచ్చేవారు.

చిలుకపలుకు: మీసానికి సంవత్సరం ఉంటుందని నాకేం తెలుసు! అయితే 1984 తీసుకోండి.

ఆ.వె.
పాట చిత్రమందు పావడా గట్టుచు
నిల్లు నూడ్చుచుండ నెల్లరు నగ,
మూతి గొరుగలేదు, ముచ్చటౌ క్వీన్ జట్టు
మీసమున్న రాణి మెప్పు పొందె.

నిర్వాహకుడు: ఇదీ పూరణ అంటే! “ఐ వాంట్ టు బ్రేక్ ఫ్రీ” పాటకు జట్టంతా ఆడవేషం కట్టిన ఆ వీడియో ఒక బ్రిటిష్ టీవీ సీరియల్‌కు పేరడీ. విగ్గూ మీసమూ ఒకే మొహం మీద ఉన్నాయి కాబట్టి సమస్యలోని వింత అక్షరాలా నిజమైపోయింది. పాట రాసిన జట్టు సభ్యుడు జాన్ డీకన్ కూడా అందులో ముసలమ్మగా కూర్చున్నాడు.

గణయతి: “గట్టుచు” అంటే పావడా కట్టుకుంటూనే ఊడ్చినట్టుంది. “గట్టియు” అనండి. “ముచ్చటౌ” యతి కోసం వచ్చిన చుట్టం.

పాతక్యాసెట్: అది పావడా కాదు, తోలు మినీస్కర్టు. చేతిలో చీపురు కాదు, వాక్యూమ్ క్లీనర్. ఆటవెలదిలో అవి పట్టవని ఒప్పుకుంటాను. “ఎల్లరు నగ” మాత్రం సగమే నిజం. బ్రిటన్ పాటల జాబితాలో అది 3వ స్థానానికి వెళ్లింది. అమెరికాలో ఆ వేషాలు చాలామందికి మింగుడుపడలేదు, అక్కడ 45 దగ్గరే ఆగిపోయింది. 1982 తర్వాత ఫ్రెడ్డీతో క్వీన్ అమెరికా పర్యటనే చేయలేదు.

చిలుకపలుకు: అమెరికా మెచ్చకపోతే “మెప్పు పొందె” అనకూడదా? మీకు పద్యం కావాలా, పాస్‌పోర్టు కావాలా?

కందకం:

ఆ.వె.
వెంబ్లి కిక్కిరిసెను, వేలు డెబ్బదిరెండు
చేతు లొక్కసారి చేర్చి తట్ట
నిరువదొక్క నిముస మేలెను క్వీన్ జట్టు;
మీసమున్న రాణి మెప్పు పొందె.

పాతక్యాసెట్: 1985 జులై 13, లండన్ వెంబ్లీ స్టేడియంలో లైవ్ ఎయిడ్ సహాయనిధి కచేరీ. మీసం ఉంది, మెప్పూ ఉంది, నిమిషాలూ సరిపోయాయి. కానీ మనుషులు 72 వేలైతే చేతులు 1,44,000 కావాలి కదండీ! మిగతా సగం మంది ఏం చేస్తున్నారు?

గణయతి: “డెబ్బదిరెండు” తర్వాత అర్ధవిరామం పెట్టి చదివితే ఆ వేలు జనానివే అవుతాయి. నాకైతే “ఏలెను” బాగుంది. రాణి అన్నాక ఏలడమే సహజం.

నిర్వాహకుడు: సమస్యను విప్పిన తీరులో చిలుకపలుకు గారి రెండో పూరణ ముందుంది, ధారలో కందకం గారిది. ఒక్క సంగతి ఎవరూ ముట్టుకోలేదు. 1986 పర్యటనలో కచేరీ ముగింపులో బ్రిటిష్ జాతీయ గీతం మోగుతుంటే, ఆయన కిరీటం పెట్టుకుని, అంచుకు బొచ్చు కుట్టిన రాజవస్త్రం కప్పుకుని వేదిక మీదికి వచ్చేవాడు. అప్పుడూ మీసం ఉంది. ఆదివారం రాత్రి దాకా గడువు, కిరీటంతో ఎవరైనా ప్రయత్నించండి.