ముక్కు గొట్టంతో జావ పట్టాక పెద్దావిడ కిందికి జారిపోతున్నారు, ఏం చేయాలి?

మంచంలోనే ఉండే 82 ఏళ్ల పెద్దావిడకు హోమ్ కేర్ చేస్తున్నానండి. గొట్టంతో 200 మి.లీ. జావ పట్టాక, అది ఊపిరితిత్తుల్లోకి పోకుండా తలవైపు 30-45 డిగ్రీలు ఎత్తి గంటసేపు ఉంచాలి కదా. చిక్కంతా అక్కడే. ఆవిడ మెల్లగా జారుతుంటే చర్మం దుప్పటికి అతుక్కుపోయి, లోపల ఎముక కదులుతోంది. పిరుదుల పైన, వెన్ను చివర రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ. వేలితో నొక్కి వదిలినా తెల్లబడటం లేదు, అంటే పుండుకు మొదటి మెట్టే. నర్సుకు చూపించాం.

గాలి పరుపు ఉంది, రెండు గంటలకోసారి తిప్పుతున్నాను, మడమలు ఆనకుండా పిక్కల కింద దిండు పెడుతున్నాను.

ముందు మోకాళ్లవైపు ఎత్తి, తర్వాత తల ఎత్తితే జారడం ఆగుతుందా? పక్కకు 30 డిగ్రీలు ఒరిగించి తల ఎత్తి ఉంచొచ్చా? రాత్రి ఒక్కదాన్నే ఉంటాను. చంకల్లో చేతులు పెట్టి లాగితే ఆ మచ్చే మళ్లీ ఒరుసుకుంటుంది. లాగకుండా పైకి జరిపే పద్ధతి తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.