ఆన్‌లైన్ సదస్సులో ప్రసంగం: లైవ్‌లో మాట్లాడాలా, ముందే రికార్డు చేసి పంపాలా?

చెరువుగట్టు (కడప)

అందరికీ నమస్కారం. మాది ఎర్రముక్కపల్లె. హైస్కూల్లో సోషల్ చెప్తాను. వచ్చే నెల ఒక ఆన్‌లైన్ చరిత్ర సదస్సులో పోరుమామిళ్ళ చెరువు శాసనం మీద మాట్లాడమన్నారు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అది 1369 నాటి శాసనం. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని రాయి మీదే లెక్క రాయించాడు. మంచి చెరువుకు ఉండాల్సినవి పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని కూడా చెక్కించాడు.

ప్రసంగానికి 25 నిమిషాలు, ప్రశ్నలకు 10 నిమిషాలు. వీడియో తీసి వారం ముందే పంపినా సరే, ఆ రోజు ఇంటి నుంచి లైవ్‌లో మాట్లాడినా సరే అన్నారు. నాకు రికార్డు చేసి పంపాలని ఉంది. మా ఆయన మాత్రం "అది టీవీ పాఠం అయిపోతుంది, నువ్వు ఎదురుగా ఉన్నట్టే ఉండదు" అంటున్నాడు. మూడు రోజులుగా ఇంట్లో ఇదే పంచాయితీ.

ఇంట్లో ఫైబర్ నెట్, పాత ల్యాప్‌టాప్, ఇన్వర్టర్ ఉన్నాయి. కరెంటు సంగతి చెప్పక్కర్లేదు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

మేడం, మీ ఆయన మాటే కరెక్టు. రికార్డు చేసిందైతే రాత్రి పన్నెండు గంటలకు పడుకుని కూడా చూసుకుంటాం. దానికి సదస్సు ఎందుకు? ఫలానా రోజు, ఫలానా గంటకు అందరూ వచ్చి కూర్చునేది మనిషి కోసం. అష్టావధానం రికార్డు చేసి పంపితే ఎవరైనా చూస్తారా?

నేను కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. 2020 లాక్‌డౌన్‌లో కొన్ని పాఠాలు రికార్డు చేసి పంపాను, కొన్ని లైవ్‌లో చెప్పాను. రికార్డు పాఠంలో ఒక సంవత్సరం తప్పు చెప్పాను. రెండు నెలల దాకా ఒక్కరూ అడగలేదు. అదే లైవ్‌లో అయితే వెనక బెంచీ వాడు రెండో నిమిషంలోనే పట్టుకునేవాడు. వినేవాళ్ళు ఉన్నారన్న భయమే మనల్ని సరిగ్గా మాట్లాడిస్తుంది.

పాత మైకు (అనంతపురం)

హంద్రీ సార్, అవధానిని మధ్యమధ్యలో ఆపి, అప్రస్తుత ప్రసంగం చేసి తికమక పెట్టడమే అందులో మజా. ఈ 25 నిమిషాల ప్రసంగాన్ని మధ్యలో ఎవరాపుతారు? అందరూ మ్యూట్‌లోనే ఉంటారు. మన కడప ఆకాశవాణిలో రికార్డు చేసిన ప్రసంగాలు ఎన్ని విన్నాం, అవి మోసం అని ఎవరైనా అన్నారా?

పెళ్ళిళ్ళు, సభలు లైవ్ ఇవ్వడమే నా పని. పోయిన ఏడు ఒక సభలో ఒక పెద్దాయన ఇంటి నుంచి మాట్లాడుతున్నారు. వాన పడింది, కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి అది ఆగలేదు. కానీ ఆ అర సెకను సందులో రౌటర్ ఆగి మళ్ళీ మొదలైంది. మూడు నిమిషాలు ఆయన స్లైడ్లు మార్చుకుంటూ గోడకు చెప్పుకున్నారు. అధ్యక్షురాలు ఇక్కడ తన జీవిత చరిత్ర మొత్తం చెప్పింది. మేం నవ్వాం గానీ, ఆ సాయంత్రం ఆయన ఫోన్ చేసి మాట్లాడిన తీరు గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆర్నెల్లు తయారైన మనిషి.

అక్కా, లైవ్‌కే పోతానంటే రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొనండి. రౌటర్ పక్కన ఫైబర్ డబ్బా విడిగా ఉంటే దానికీ కావాలి. చాలామంది ఒకదానికి పెట్టి రెండోది మర్చిపోతారు. అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో చూసి మరీ కొనండి.

ఉగ్గాణి బజ్జీ (అనంతపురం)

గోడకు చెప్పుకోవడం మా ఇంట్లో రోజూ ఉండేదే, దానికి కరెంటు పోనక్కర్లేదు 😀

అక్కా, ఇవన్నీ ఎందుకు, చెరువు కట్ట మీద నిలబడి ఫోన్‌లో లైవ్ ఇచ్చేయండి!

పాత మైకు

కట్ట మీద గాలి ఎట్లుంటుందో తెలుసా స్వామీ? మాట కాదు, బుర్రుమనే శబ్దం మాత్రమే పోతుంది. సిగ్నల్ కూడా మన చేతిలో ఉండదు.

మునగ చెట్టు (ప్రొద్దుటూరు)

నేను వినేవాళ్ళ తరఫున మాట్లాడతాను. ఇట్లాంటి సదస్సులు వంట చేసుకుంటూ వింటాను. లైవా, రికార్డా అన్నది నాకు పది నిమిషాల తర్వాత గుర్తుండదు. మాట స్పష్టంగా లేకపోతే మాత్రం రెండో నిమిషంలోనే వదిలేస్తాను. బొమ్మ మసకగా ఉన్నా పర్వాలేదు. ల్యాప్‌టాప్‌లో ఉండే మైకుతో ఖాళీ గదిలో మాట్లాడితే బావిలోంచి పిలిచినట్టుంటుంది.

చెరువుగట్టు గారూ, కాలర్ మైకు అయితే చీర మడత మీద, గడ్డానికి జానెడు కింద పెట్టుకోండి. మెళ్ళో గొలుసు దానికి తగలకుండా చూసుకోండి. ఒకామె ప్రసంగం మొత్తం నల్లపూసల చప్పుడుతో విన్నాను. ఆమె చెప్పిన విషయం ఒక్కటీ గుర్తులేదు, ఆ చప్పుడే గుర్తుంది. గది ప్రతిధ్వనిస్తుంటే కెమెరాకు కనపడని చోట రెండు బొంతలు వేలాడదీయండి. డబ్బులేం పెట్టకుండానే స్టూడియో.

హంద్రీ ఒడ్డు

బొంతలు, మైకులు బాగానే ఉన్నాయి గానీ అసలు విషయం పక్కకు పోతోంది. రికార్డు అనగానే మనవాళ్ళు రాసుకున్నది చదువుతారు. కళ్ళు ఎడమ నుంచి కుడికి పోతుంటాయి, కొశ్చన్ పేపర్ చదువుతున్నట్టు గొంతు. ఒక మాట తడబడితే మళ్ళీ మొదటికి. పదకొండోసారికి మనిషిలో ప్రాణం ఉండదు. లైవ్‌లో తడబడితే "క్షమించాలి" అని ముందుకు పోతాం. ఆ తడబాటే మనిషి ఉన్నాడనడానికి గుర్తు.

చెరువుగట్టు

సార్, నిన్న ఒకసారి ప్రయత్నించాను. పదకొండు కాదు, ఏడుసార్లు. మొదటిసారి ఫ్యాన్ చప్పుడు. ఆపేశాను. ఈ ఎండల్లో ఫ్యాన్ లేకుండా పది నిమిషాలకే చెమటలు కారి, శాసనం చెప్తున్నానా, పరుగు పందెంలో ఉన్నానా అన్నట్టుంది నా మొహం. చల్లగా ఉంటుందని తెల్లారుజామున ఐదింటికి లేచాను. ఒక పక్క గుడి మైకు, ఇంకో పక్క మసీదు మైకు. ఆ తర్వాత కోకిల. కోకిల మంచిదే గానీ ఆపదు.

మీరన్నట్టే ఏడోసారికి నా మాట నాకే విసుగొచ్చింది.

పాత మైకు

అక్కా, మొదటి నుంచి మళ్ళీ చెప్పడమే తప్పు. తడబడినప్పుడు రికార్డింగ్ ఆపొద్దు. రెండు సెకన్లు ఊరుకుని, ఒక చప్పట్టు కొట్టి, ఆ వాక్యం ఒక్కటే మళ్ళీ చెప్పండి. ఎడిటింగ్‌లో శబ్దం గీత చూస్తే చప్పట్లు కొట్టిన చోట ముళ్ళలాగా లేచి కనపడుతుంది, అక్కడ కోసేయడమే. ఐదేసి నిమిషాల ముక్కలుగా చేసుకోండి. ముక్క ముక్కకూ మధ్య ఫ్యాన్ వేసుకుని మంచినీళ్ళు తాగండి.

వీడియో రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ ఉచితంగా దొరుకుతుంది. అందులో రికార్డింగ్ ఎంకేవీ అనే ఫైలు రకంలో పెట్టుకోండి. మామూలు ఎంపీ4లో చేస్తుంటే మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే ఫైలు తెరుచుకోకుండా పోవచ్చు. ఎంకేవీ అయితే అక్కడిదాకా చేసింది మిగులుతుంది. తర్వాత ఓబీఎస్‌లోనే దాన్ని ఎంపీ4గా మార్చుకోవచ్చు.

ఇంకోటి, ఫైలు చివరి రోజు పంపొద్దు. 25 నిమిషాల వీడియో 5 ఎంబీపీఎస్‌లో చేస్తే సుమారు 940 ఎంబీ అవుతుంది. మీ అప్‌లోడ్ 4 ఎంబీపీఎస్ ఉంటే అది పోవడానికే అరగంట పైన. స్పీడ్ టెస్టులో అందరూ డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోతారు, లైవ్‌కైనా ఇట్లా పంపడానికైనా కావాల్సింది రెండో అంకె.

టెర్మినల్ తాత (కర్నూలు)

ఈ తగువు సాఫ్ట్‌వేర్ వాళ్ళు కరోనాలోనే పడ్డారు. డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్ళ సదస్సు డెబ్‌కాన్ఫ్ 2020లోనూ, 2021లోనూ ఆన్‌లైన్‌లోనే జరిగింది. 2021లో అయితే తెలుగులో కూడా కార్యక్రమాలు పెట్టారు. ఇట్లాంటి చోట్ల బాగా నడిచిన పద్ధతి ఏమిటంటే, ప్రసంగం ముందే రికార్డు, ప్రశ్నలు లైవ్. వీడియో నడుస్తున్నంతసేపు వక్త చాట్‌లో కూర్చుని ఉంటాడు. హంద్రీ సార్ చెప్పిన వెనక బెంచీ వాడు అక్కడ అడగొచ్చు, మాట ఆపకుండానే జవాబు రాయొచ్చు. లైవ్‌లో మాట్లాడుతూ చాట్ చదవడం నా వల్లయితే కాదు.

హంద్రీ ఒడ్డు

తాతా, రికార్డు పంపితే గండం గడిచినట్టేనా? నేను చూసిన ఒక వెబినార్‌లో నిర్వాహకులు వీడియో వేశారు, బొమ్మ వచ్చింది, మాట రాలేదు. నాలుగు నిమిషాలు మూకాభినయం. ప్రసంగం చేసినామె ఎదురుగానే ఉండి కూడా ఏమీ చేయలేకపోయింది. లైవ్‌లో అయితే "వినపడుతోందా" అని కనీసం అడుగుతాం. అదీగాక అందరూ ఆమె అప్పుడే మాట్లాడుతోందనుకున్నారు. అది నాకు నచ్చలేదు.

టెర్మినల్ తాత

జూమ్‌లో స్క్రీన్ షేర్ చేసేటప్పుడు 'షేర్ సౌండ్' అన్నచోట టిక్కు పెట్టకపోతే జరిగేది అదే. నిర్వాహకులతో ముందు రోజు మీ వీడియో ఒక నిమిషం వేయించి చూసుకోండి మేడం. మొహమాటపడొద్దు.

రెండో మాటకు నేను హంద్రీ సార్ పక్షమే. ఇది ఫలానా రోజు రికార్డు చేసింది, నేను చాట్‌లో ఉన్నాను అని మొదటి స్లైడ్ మీదే రాయండి.

మునగ చెట్టు

పన్లో పని ఇంకొకటి. శాసనం ఫోటో స్లైడ్ నిండా పెట్టి "ఇక్కడ చూడండి" అంటే ఫోన్‌లో చూసేవాళ్ళకు నల్లరాయి తప్ప ఏమీ కనపడదు. మీరు చెప్పే ఒక్క పంక్తిని పెద్ద అక్షరాలతో పక్కన టైపు చేసి పెట్టండి.

ఉగ్గాణి బజ్జీ

అక్కా, ఆ ఆరు దోషాలేంటో మాకూ చెప్పరాదా?

చెరువుగట్టు

కట్టలోంచి నీళ్ళు కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు మధ్యలో మిట్ట ఉండడం, కొద్ది నీళ్ళకు ఎక్కువ నేల, ఎక్కువ నీళ్ళకు కొద్ది నేల.

హంద్రీ ఒడ్డు

చివరి రెండూ మన ప్రసంగాలకే చెక్కినట్టున్నారు. పది నిమిషాల విషయాన్ని 25 నిమిషాలకు సాగదీసేవాళ్ళు ఒకరు, 60 స్లైడ్లు పట్టుకొచ్చేవాళ్ళు ఇంకొకరు. మేడం, మీవి ఎన్ని స్లైడ్లు?

చెరువుగట్టు

48 సార్. 22కి తగ్గిస్తున్నాను.

సరే, ఇంట్లో తేలింది కాబట్టి ఇక్కడ కూడా చెప్తున్నాను. ప్రసంగం రికార్డే. కానీ చదవను. పేపర్ మీద పది మాటలు మాత్రం రాసుకుని, ల్యాప్‌టాప్ వెనక మా ఆయన్ను కూర్చోబెట్టి ఆయనకే చెప్తాను. ఎదురుగా మనిషి ఉండాలని గొడవ పెట్టింది ఆయనే కదా, ఆ మనిషి ఆయనే అవుతాడు. అర్థం కాకపోతే మొహం చిట్లించమన్నాను. నిన్న మొదటి ముక్కలో రెండుసార్లు చిట్లించాడు, రెండుచోట్లా మార్చాల్సి వచ్చింది.

ఉగ్గాణి తమ్ముడి మాట కూడా సగం విన్నాను. ఆదివారం పోరుమామిళ్ళ పోయి కట్ట మీద రెండు నిమిషాల వీడియో తీసుకొచ్చాం. మాట ఇంట్లో విడిగా చెప్పి దాని మీద కలుపుతాను. ఒక బర్రె మధ్యలోకి వచ్చి నిలబడింది, తీసేయబుద్ధి కాలేదు.

ప్రశ్నల 10 నిమిషాలూ లైవ్‌లోనే ఉంటాను హంద్రీ సార్, మీరూ వచ్చి అడగండి. యూపీఎస్ ఆర్డర్ పెట్టాను. అప్పుడు మాత్రం ఫ్యాన్ వేసుకునే కూర్చుంటాను, పాత మైకు ఏమన్నా సరే.

పాత మైకు

ఒకటో నంబర్ మీద పెట్టుకోండి అక్కా.