అత్తయ్యగారు పరగడుపున వెనిగర్ తాగుతున్నారు, పళ్లు పులిసిపోతున్నాయి, మాన్పించాలా?

గుంటూరు కోడలు:
మా అత్తయ్యగారికి 63 ఏళ్లు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ కూడా వేసుకుంటారు. రెండు నెలలుగా పరగడుపున రెండు చెంచాల యాపిల్ సిడార్ వెనిగర్‌ను చుక్క నీళ్లయినా కలపకుండా గుటుక్కున మింగుతున్నారు. నీళ్లు కలిపితే గుణం పోతుందని ఎవరో చెప్పారట. ఇప్పుడేమో పచ్చి మామిడికాయ కొరికినట్టు పళ్లు పులిసిపోయాయని, గోరువెచ్చని కాఫీకి కూడా జివ్వుమంటున్నాయని అంటున్నారు. మానమంటే "చక్కెర తగ్గింది కదమ్మా" అంటారు. పరగడుపు చక్కెర 160 నుంచి 140కి దిగిన మాట నిజమే కానీ, అదే నెలలో ఆవిడ రాత్రిపూట అన్నం మాని జొన్నరొట్టెకు మారారు. ఈ తగ్గుదలను దేని ఖాతాలో వేయాలి?

పంటివైద్యుడు:
నోటిలో పీహెచ్ (ఆమ్లం ఘాటును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ) సుమారు 5.5 కంటే దిగితే పంటి మీది ఎనామిల్ కరగడం మొదలవుతుంది. వెనిగర్ పీహెచ్ 2.5, 3 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి ఆవిడ చెబుతున్న బాధ ఊహ కాదు. నీళ్లు కలిపితే గుణం పోతుందన్న మాటకు ఆధారం లేదు. చెంచాడు వెనిగర్‌ను గ్లాసుడు నీళ్లలో పోసినా కడుపులోకి వెళ్లే ఆమ్లం అంతే, పళ్లకు తగిలే ఘాటు మాత్రం తగ్గుతుంది. తాగిన వెంటనే పళ్లు తోమితే మెత్తబడిన ఎనామిల్‌ను బ్రష్షుతో గీకినట్టే కనుక, మంచినీళ్లతో పుక్కిలించి కనీసం అరగంట ఆగమనండి. అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు, ఒకసారి పళ్లు చూపించడం మంచిది.

మందుల కొట్టు:
వెనిగర్‌లో ఏమీ లేదని కొట్టిపారేయలేము. 2004లో అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో కేరొల్ జాన్‌స్టన్ బృందం, పిండిపదార్థం ఎక్కువగా ఉన్న భోజనానికి కాస్త ముందు 20 గ్రాముల వెనిగర్‌ను 40 గ్రాముల నీళ్లలో కలిపి ఇచ్చినప్పుడు, ఇన్సులిన్ సరిగా పనిచేయనివారిలో దాని పనితీరు మెరుగుపడింది; అప్పటికే మధుమేహం ఉన్నవారిలో ఆ మేలు తక్కువగా కనిపించింది. అయితే అది కొద్దిమంది మీద, ఒక్క పూట భోజనంతో చూసిన సంగతి. బరువు తగ్గిస్తుందని 2024లో పేపర్లన్నీ రాసిన లెబనాన్ అధ్యయనాన్నయితే లెక్కల్లో తేడాల వల్ల 2025లో ప్రచురించిన పత్రికే ఉపసంహరించుకుంది. నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది గ్లిమిపిరైడ్. అది తనంతట తానే చక్కెరను బాగా దించగలదు. రాత్రి అన్నం మాని, పైన వెనిగర్ కూడా చేర్చినప్పుడు చెమటలు, వణుకు కనిపిస్తే వెంటనే చక్కెర చూడాలి. ఈ మార్పులన్నీ డాక్టరుగారికి తెలియాలి.

రసాయనం పంతులు:
ముందు సీసా మీది చీటీ చదవండి. మన దేశంలో వెనిగర్ అని అమ్మేదానిలో 100 మిల్లీలీటర్లకు కనీసం 3.75 గ్రాముల అసిటిక్ ఆమ్లం ఉండాలి, కానీ అది పండ్లరసం పులిసి వచ్చిందా, ఆమ్లాన్ని నీళ్లలో పలచన చేసి తయారైందా అన్నది వేరే సంగతి. రెండోదాని మీద సింథటిక్ అని రాసి ఉంటుంది.

గుంటూరు కోడలు:
పంతులుగారూ, మీరు చెప్పాక వెళ్లి చూశాను. యాపిల్‌ది మొదటి నెలకే అయిపోయిందట; ఆ తరువాత ఆవిడ తాగుతున్నది మా మరిది ఫ్రైడ్ రైస్ కోసం తెచ్చిన తెల్ల వెనిగర్, మీరన్నట్టే సింథటిక్. పైగా చెంచాలోంచి రోజూ ఒలికిన చుక్కలకు వంటగట్టు మీది కడప బండ నునుపు పోయి, రూపాయి బిళ్లలంత తెల్లటి మచ్చలు పడ్డాయి.

రసాయనం పంతులు:
కడప బండ సున్నపురాయి అమ్మా, ఆమ్లం తగిలితే కరుగుతుంది. కెటిల్ అడుగున పేరుకున్న గారను వెనిగర్ వదిలించేది కూడా ఇలాగే.

గుంటూరు కోడలు:
ఆ మచ్చలు చూపించాక అత్తయ్యగారు ఇంకేమీ అనలేదు. సీసా గిన్నెల అలమారలోకి వెళ్లింది, బుధవారం డాక్టరుగారి దగ్గరకు వెళుతున్నాము.