కూర గిన్నె పక్కన తూకం మిషన్: క్యాలరీ యాప్ అవసరమా, అతివేషమా?

సముద్రంవైపు బాల్కనీ:
నాకు 36. విశాఖలో రుషికొండ ఐటీ సెజ్‌లో ఉద్యోగం, పగలంతా కుర్చీలోనే. నాలుగు నెలల కిందట 88 కిలోలతో జిమ్‌లో చేరితే, కోచ్ మొదటిరోజే నా ఫోన్ తీసుకుని క్యాలరీ యాప్ ఎక్కించాడు. "నోట్లో పడ్డదల్లా ఇందులో పడాలి" అన్నాడు. పడేశాను. ఇప్పుడు 82. కాబట్టి యాప్ పనిచెయ్యదని నేను అనను.

గొడవంతా ఇంట్లో. గుత్తి వంకాయ చేస్తున్న అమ్మని "నూనె ఎంతేశావమ్మా?" అని అడిగితే "కూరకి పట్టినంత" అంది. ఆ కొలత యాప్‌లో లేదు. గిన్నె తీసి తూకం మిషన్ మీద పెడితే "నా వంటని కాటాకెక్కిస్తావా" అని రెండ్రోజులు మాట్లాడలేదు. అదీ సర్దుకున్నాం. మొన్న ఆదివారం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ కొన్నాం. తినే ముందు యాప్ తీసి వెతికాను, దొరక్క భేల్‌పురి అని రాసుకున్నాను. పక్కన మా ఆరేళ్లవాడు పొట్లం పట్టుకుని "నాన్నా, నేనెన్ని క్యాలరీలు తినొచ్చు?" అన్నాడు.

తీసేస్తే బరువు మళ్లీ వస్తుందేమోనని భయం. ఉంచితే ఇలా. మీరైతే ఏం చేస్తారు?

గాజువాక బార్‌బెల్:
ఆరు కిలోలు తగ్గాక అడిగే ప్రశ్నేనా గురూ ఇది! ఉంచండి. అమ్మగారు రెండ్రోజులు అలుగుతారు, మోకాళ్లు ముప్పై ఏళ్లు అలుగుతాయి.

నా సంగతి చెప్తా. ఏడాదిపాటు "తక్కువే తింటున్నాను, తగ్గట్లేదు" అని తిరిగాను. చూస్తే, పొద్దున బియ్యం 150 గ్రాములు తూచి యాప్‌లో 'అన్నం' అని కొడుతున్నాను. వండిన అన్నం వంద గ్రాములకి 130 క్యాలరీలు, బియ్యమైతే దాదాపు 350. యాప్ 195 చూపిస్తోంది, నేను తింటున్నది 525. పూటకి మూడొందల పైన తేడా, రోజుకి రెండు పూటలు. యాప్ అబద్ధం చెప్పలేదు, నేను చెప్పాను.

1992లో అమెరికాలో ఇదే పరీక్షించారు. ఎంత తక్కువ తిన్నా తగ్గట్లేదన్నవాళ్ల తిండిని నిజంగా కొలిస్తే, వాళ్లు చెప్పుకున్నది అసలు తిన్నదానికి సగం కాస్త పైన. దొంగలేం కాదు పాపం. గుర్తుండదంతే. అందుకే రాసుకోవాలి.

మాధవధార మందారం:
బార్‌బెల్ గారూ, మీ లెక్క ఒప్పే. కానీ అందరి తలా మీ తలలా ఉండదండీ.

నేను ఇంజినీరింగ్‌లో ఉండగా యాప్ పెట్టుకున్నాను. మొదట్లో సరదా. ఆరు నెలలకి హాస్టల్ మెస్‌లో ప్లేటు ముందు ఏడ్చేదాన్ని. సింహాచలం కొండ మీద అప్పన్న ప్రసాదం పులిహోర చేతిలో పెడితే, కళ్లకి అద్దుకుని, ఎవరూ చూడకుండా పక్కావిడ దొన్నెలో వేసేశాను. ఆ క్షణం నాకింకా సిగ్గే. యాప్‌లో ఆకుపచ్చ గీత దాటి ఎర్ర గీత వస్తే పాపం చేసినట్టుండేది.

2017లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. తిండి రుగ్మతలు, అంటే తినడం చుట్టూ అల్లుకునే మానసిక జబ్బులు, ఉన్న 105 మందిని అడిగారు. నాలుగింట మూడు వంతులమంది మైఫిట్‌నెస్‌పాల్ అనే క్యాలరీ యాప్ వాడినవాళ్లే. వాళ్లలో 73 శాతం మంది తమ జబ్బుకి అదీ కొంత కారణమని చెప్పారు. బాల్కనీ గారూ, మీవాడి ప్రశ్న చదివాక ఇదంతా రాయాలనిపించింది.

గాజువాక బార్‌బెల్:
మేడం, మీరు పడ్డ బాధని తక్కువ చెయ్యను. కానీ ఆ 105 మందీ అప్పటికే జబ్బుపడ్డవాళ్లు. యాప్ వల్ల జబ్బొచ్చిందా, జబ్బున్నవాళ్లు యాప్ పట్టుకున్నారా, ఆ అధ్యయనం తేల్చలేదు కదా.

మాధవధార మందారం:
తేల్చలేదు. నిప్పు ఎవరు పెట్టారో తేలేదాకా పెట్రోలు పక్కన పెట్టమంటున్నాను, అంతే.

పోర్టు పెద్దాయన:
ఏటి బాబూ ఈ తగువు. నాకు షుగరొచ్చి ఇరవై రెండేళ్లు. పొద్దున్న బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపుతారు కదా, ఆ టైముకి కోస్టల్ బ్యాటరీ కాడ దిగీసి నడుస్తాను. నా దగ్గర యాప్ లేదు, మా మనవరాలు పాత స్కూలు నోటుబుక్కుంది. నాలుగిడ్లీ తిన్నానా, రెండు గంటలాగి వేలు పొడిచి ఆ అంకె పక్కన రాసీడమే. పెసరట్టు తిన్నరోజు ఓ అంకె, పూరీ తిన్నరోజు ఇంకో అంకె. నాకు ఏది పడుద్దో ఏది పడదో ఆ పుస్తకమే చెప్తాది. క్యాలరీలు ఒకటేలా ఉన్నా నా రక్తంలో ఒకటేలా ఉండవు.

రాసుకోడం మంచిదే. ఆ ఫోను మాత్రం పళ్లెం కాడ ఎందుకండీ?

పోపుల పెట్టె:
పెద్దాయన అసలు మాట పట్టుకున్నారు. నేను ఆహార లెక్కలు చదువుకున్నదాన్ని, కాస్త వివరంగా రాస్తాను, విసుక్కోకండి.

పిండిపదార్థం, ప్రోటీన్ గ్రాముకి 4, కొవ్వు గ్రాముకి 9 క్యాలరీలు. యాప్‌ల లెక్కంతా దీని మీదే. ఇది పందొమ్మిదో శతాబ్దం చివర్లో అట్‌వాటర్ అనే శాస్త్రవేత్త తేల్చిన సగటు. లెక్క బాగానే ఉంది, తేడా వచ్చేది పద్దులో. చాలా యాప్‌లలో వంటకాల వివరాలు ఎవరు పడితే వారు ఎక్కిస్తారు. 'గోంగూర పప్పు' అని కొట్టి చూడండి, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. ఎవరింటి పప్పు అది? మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పట్టిక వేసింది. అందులో పదార్థాలు విడివిడిగా ఉంటాయి గనక ఇంటి వంటకి అదే నయం. శక్తి మాత్రం కిలోజౌళ్లలో ఇచ్చారు. క్యాలరీలు కావాలంటే 4.184తో భాగించాలి. భాగించకుండా చూసి గుండె పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇంతకన్నా పెద్ద మోసం చేతికి కట్టే ఫిట్‌నెస్ గడియారంలో ఉంది. 2017లోనే స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు రకాల గడియారాలని పరీక్షిస్తే, గుండె వేగం చాలామటుకు సరిగ్గా చూపాయి గానీ ఖర్చైన క్యాలరీలు అన్నిట్లో మెరుగైనది కూడా 27 శాతం తప్పు చెప్పింది. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచొచ్చి, గడియారం చెప్పినన్నీ తినెయ్యొచ్చనుకుంటే అంతే సంగతులు. బాల్కనీ గారూ, 'వ్యాయామం క్యాలరీలు తిరిగి కలుపు' అనే మీట ఉంటే ముందు అది ఆపెయ్యండి.

ఇక అమ్మగారి నూనె. తూచొద్దు. లీటరు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తేదీ వెయ్యండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు. నలుగురికి పది రోజులొస్తే మనిషికి రోజుకి 23 గ్రాములు, రెండొందల పైచిలుకు క్యాలరీలు. ఏ కూరలో ఎంతన్న గోలే లేదు. అన్నం మాత్రం మూడు వారాలు తూచండి, మీ గరిటె ఎంత పట్టుకుంటుందో కంటికి అలవాటయ్యేదాకా. చారు, ఆకుకూరలు, దొండకాయ రాసినా రాయకపోయినా ఒకటే. పిల్లాడి ముందు ఫోన్ తియ్యకండి. రాత్రి వాడు పడుకున్నాక రాసుకోండి.

గాజువాక బార్‌బెల్:
మూడు వారాలకి నేను ఒప్పుకోను. కన్ను మోసం చేస్తుంది. నా గరిటె ఆర్నెల్లలో నాకు తెలీకుండానే పెరిగింది. నెలకో వారమైనా మళ్లీ తూచాలి.

పోపుల పెట్టె:
నెలకో వారం సరే. అంతకు మించి నేను దిగను, మీరు దిగరు.

మాధవధార మందారం:
ఒక షరతు. అంకె చూడగానే ఏడుపొచ్చే రోజు వస్తే ఆ వారం కూడా వద్దు. నాలాంటివాళ్లకి నెలకోసారి కాదు, అసలు వద్దు. నాకు డాక్టరుగారు యాప్ తీయించాకే పెరుగన్నం రుచి తెలిసింది.

సముద్రంవైపు బాల్కనీ:
పదిరోజుల తర్వాత వచ్చాను, క్షమించండి. ఫోన్ పళ్లెం దగ్గర్నుంచి లేపేశాను. రాత్రి పదింటికి ఒక్కసారే రాస్తున్నాను. బరువు 82 దగ్గరే ఉంది.

ప్యాకెట్ మీద తేదీ అమ్మే వేసింది, కాటుక పెన్సిల్‌తో. పది రోజులొస్తుందనుకున్నది ఏడో రోజుకి ఖాళీ. "ఏంటమ్మా?" అంటే "మొన్న మీ అక్కావాళ్లొచ్చారుగా, గారెలేశాను" అంది. ఆ గారెలు నేను యాప్‌లో ఎక్కించలేదు. ఎన్ని తిన్నానో మా వాడికి మాత్రం గుర్తుంది. ఏడట.