కృష్ణబిలాల ఎంట్రోపీ అర్థం కావాలంటే ఏ గణితం ముందు చదవాలి?

విశాఖపట్నంలో ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం ముగించి, ఎం.వి.పి. కాలనీలో ట్యూషన్లు చెప్పుకుంటూ పీహెచ్‌డీకి సిద్ధమవుతున్నాను. కృష్ణబిలాలు వికిరణాన్ని వెలువరిస్తూ క్షీణిస్తాయని 1974లో హాకింగ్ చూపడం, ఆ వికిరణపు ఎంట్రోపీ (దాని గురించి మనకు తెలియని సమాచారపు కొలత) మొదట పెరిగి తర్వాత తగ్గాలని 1993లో డాన్ పేజ్ వాదించడం, కృష్ణబిలం లోపలి కొంత భాగాన్ని కూడా వికిరణంతో కలిపి లెక్కించే, 2019లో వచ్చిన ‘ద్వీపాల’ లెక్కలు ఆ పెరిగి తగ్గే వక్రరేఖను రాబట్టడం, ఇంతవరకు ఓపిగ్గా చదివితే బోధపడింది.

చిక్కు ఆ తర్వాతే వచ్చింది. క్వాంటం క్షేత్ర సిద్ధాంతంలో ఒక ప్రాంతపు పరిశీలనీయాలు (కొలవదగిన రాశులు) మూడవ రకం వాన్ న్యూమన్ బీజగణితం (మూడు రకాలుగా వర్గీకరించే ఆపరేటర్ల సముదాయాలలో ఒకటి) అవుతాయి కనుక అక్కడ ఎంట్రోపీని నిర్వచించడానికి కావలసిన ట్రేస్ (మాత్రిక వికర్ణ మూలకాల మొత్తం లాంటిది) ఉండదనీ, గురుత్వాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే కొన్ని సందర్భాలలో అది రెండవ రకంగా మారి ఎంట్రోపీకి అర్థం ఏర్పడుతుందనీ భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ విట్టెన్ తదితరులు ఇటీవలి సంవత్సరాలలో చూపారు. నోటుపుస్తకంలో పేజీలు నింపుతున్నాను గానీ, ఒక బీజగణితం, ఒక క్వాంటం స్థితి కలిసి నిర్ణయించే మాడ్యులర్ ఆపరేటర్ దగ్గరకు వచ్చేసరికి ప్రతిసారీ చతికిలబడుతున్నాను. మా సిలబస్‌లో హిల్బర్ట్ స్పేస్ అంటే బ్రా, కెట్ గుర్తులతోనే సరిపోయింది మరి.

ఈ ఆపరేటర్‌కు మూలమైన తొమితా–తాకెసాకి సిద్ధాంతాన్ని నిరూపణలతో సహా ముందే చదవాలా, లేక మాడ్యులర్ ప్రవాహం (ఆ ఆపరేటర్ పుట్టించే పరిణామం) లోరెంట్జ్ బూస్ట్‌గా (సాపేక్షతలో వేగాన్ని మార్చే రూపాంతరంగా) కనిపించే రిండ్లర్ ప్రాంతాన్ని (స్థిర త్వరణంతో సాగే పరిశీలకుడికి అందే ప్రాంతాన్ని) ఒక్కదాన్ని క్షుణ్ణంగా చేసుకుని ముందుకు వెళ్లవచ్చా? ఈ దారిలో నడిచినవారు దయచేసి తెలుపగలరు.